మిన్నెసోటా చలికాలంలో ఇంటి మగ్గం: రిజిడ్ హెడిల్ మగ్గంతో ఆరు నెలలు

గత నవంబరు మొదటి వారంలో కొన్న, 24 అంగుళాల వెడల్పు దాకా నేయగల రిజిడ్ హెడిల్ మగ్గాన్ని (కాళ్ళతో పని లేని చిన్న చేతిమగ్గాన్ని) ఏప్రిల్ చివరి దాకా దాదాపు ప్రతి వారాంతంలోనూ, జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయితే చాలా సాయంత్రాలూ వాడాను. ఈ ఆరు నెలల్లో దానిమీద ఏడు ఉన్ని మఫ్లర్లు, రెండు శాలువాలు, ఎనిమిది వంటింటి తువ్వాళ్ళు నేశాను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరంలో మేముండేది రెండు పడకగదుల అపార్టుమెంటు. పెద్ద మగ్గం పెట్టుకునే చోటు లేదు. ఇలాంటి ఇంట్లో, బయట సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉండే రోజుల్లో నేత నేర్చుకోవాలనుకునే తెలుగువారికి ఈ మగ్గం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో నా అనుభవం నుంచి చెప్పడానికే ఈ సమీక్ష. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ రకం మగ్గాలు ఎవరు చేసినా నిర్మాణం మూలంలో ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పే మంచీ చెడ్డా చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి.

నేను దేనితో పోల్చి చూస్తున్నానో ముందే చెప్పాలి. మా నాన్నగారిది మంగళగిరి. మా తాతయ్య గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసే మగ్గం) మీద 80 కౌంటు సన్ననూలు చీరలు నేసేవారు. నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. సెలవులకు వెళ్ళినప్పుడు మగ్గం చప్పుడుకే నిద్ర లేచేదాన్ని. అయినా మగ్గం మీద కూర్చునే అవకాశం నాకు ఎన్నడూ రాలేదు. మనవళ్ళూ మనవరాళ్ళూ చదువుకుని వేరే పనుల్లోకి వెళ్ళాలనే ఆ ఇంట్లో అందరూ కోరుకున్నారు. అందుచేత ఈ చిన్న మగ్గం గురించి రాసేటప్పుడు తాతయ్య మగ్గం నా కళ్ళముందు ఉంటూనే ఉంది.

రిజిడ్ హెడిల్ మగ్గం చూడడానికి ఒక చెక్క చట్రం. వెనక పడుగు (బట్టలో నిలువుగా సాగే పోగులు) చుట్టుకునే దూలం, ముందు నేసిన బట్ట చుట్టుకునే దూలం, రెంటికీ పళ్ళ చక్రాలు, మధ్యలో నిలువుగా ఒక పలక ఉంటాయి. ఆ పలకలో సన్నని నిలువు చీలికలు, ప్రతి రెండు చీలికల మధ్య ఒక్కొక్క చిల్లు వరుసగా ఉంటాయి. పడుగులో ఒక పోగు చీలికలోంచి వెళితే పక్క పోగు చిల్లులోంచి వెళుతుంది. పలకను పైమెట్టు మీద నిలిపితే చిల్లుల్లోని పోగులు పైకి లేస్తాయి, కిందిమెట్టుకు దించితే అవే పోగులు కిందికి దిగుతాయి, చీలికల్లోని పోగులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అలా తెరుచుకున్న దారిలోంచి దారం చుట్టిన నాడెను పంపి, అదే పలకను ముందుకు లాగి పేకను (అడ్డంగా వేసిన ఆ పోగును) బట్ట అంచుకు చేర్చాలి. గుంట మగ్గంలో పోగులను విడదీసే పని వేరు, పేకను దగ్గరకు కొట్టే పన్నె పని వేరు. ఒకటి కాళ్ళతోనూ మరొకటి చేతులతోనూ సాగుతుంది. ఇక్కడ రెండు పనులనూ ఒక్క పలకే చేస్తుంది, కాళ్ళకు పని ఉండదు. దీనివల్ల వేగం బాగా తగ్గుతుంది, కానీ మగ్గాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండో కొసను భోజనాల బల్లకు ఆనించి నేసుకునే వీలు కలుగుతుంది. చప్పుడు కూడా దాదాపు ఉండదు కనుక రాత్రి పదకొండింటికి నేసినా కింది ఇంటివారికి ఇబ్బంది కలగలేదు.

పెట్టెలో చెక్క భాగాలతో పాటు మరలు, అంగుళానికి 7.5 పోగులు పట్టే పలక ఒకటి, రెండు చెక్క నాడెలు, పడుగు పోయడానికి ఒక మేకు, బల్లకు బిగించే బిగింపులు, పోగులు లాగడానికి ఒక కొక్కెం వచ్చాయి. బిగించడానికి ఒక మధ్యాహ్నం చాలింది. చెక్కకు పూత లేదు కాబట్టి బిగించే ముందే మైనం పట్టించాను. ఆ ఒక్కరోజు శ్రమ వల్ల చలికాలమంతా పొడిగాలిలో ఉన్నా చట్రం ఎక్కడా చీలలేదు.

నేత అనగానే అందరికీ నాడె గుర్తొస్తుంది గాని, ఈ మగ్గం మీద బట్ట బాగోగులు నాడె చేత పట్టక ముందే తేలిపోతాయి. ఒక మఫ్లరు లెక్క చెబుతాను. మగ్గం మీద వెడల్పు 10 అంగుళాలు, ఉతికాక కావలసిన పొడవు 70 అంగుళాలు అనుకుందాం. నేతలో పోగు వంకరలు తిరగడం వల్ల తగ్గే పొడవుకు సుమారు పదో వంతు, ఉతికినప్పుడు కుంచించుకుపోయేదానికి మరో పదో వంతు, మగ్గానికి వెనకా ముందూ నేతకు అందకుండా మిగిలిపోయేదానికి 20 అంగుళాలు కలుపుకుంటే మొత్తం 3 గజాల పడుగు కావాలి. అంగుళానికి 7.5 చొప్పున 76 పోగులు, పోగుకు 3 గజాల వంతున 228 గజాలు. పేకకు ఇంకో 175 గజాలు. మధ్యరకం లావున్న ఉన్ని 100 గ్రాముల చిలపలో (దారపు కట్టలో) దాదాపు 200 గజాలు ఉంటుంది కాబట్టి రెండు చిలపలతో పని చివరిదాకా వచ్చి ఆగిపోయే ప్రమాదం ఉంది. వాటితో పాటు ఒకే విడతలో రంగు వేసిన మూడో చిలప చేతిలో ఉంచుకోవాలి. ఈ లెక్క పెట్టె వెంట వచ్చిన కరపత్రంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. కొత్తవారికి మొదట కావలసింది ఇదే.

లెక్క కుదిరాక పడుగు పోయాలి. హాలుకు ఆ చివరన ఒక బల్లకు మేకు బిగించి, ఈ చివరన మగ్గం పెట్టి, ఒక్కొక్క చీలికలోంచి పోగును ఉచ్చులా లాగి 9 అడుగుల అవతల ఉన్న మేకుకు తగిలించి తిరిగి రావాలి. ఉచ్చుకు రెండు పోగులు కాబట్టి 76 పోగులకు 38 సార్లు నడవాలి. మంగళగిరిలో తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, కుంచెలతో గంజి పట్టించేవారిని చిన్నప్పుడు చూశాను; అంత పొడవున జరిగే పని ఇక్కడ మా హాలులోకి ఒదిగిందనిపించి, మొదటిసారి పడుగు పోసినరోజు చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆ తరువాత పడుగును వెనక దూలానికి చుట్టి, ప్రతి చీలికలోని రెండు పోగుల్లో ఒకదాన్ని పక్క చిల్లులోకి మార్చి, కొసలను ముందు దూలానికి ముడివేయాలి. చుట్టుకూ చుట్టుకూ మధ్య గట్టి కాగితం వేయకపోతే పై చుట్టులోని పోగులు కింది చుట్టులోకి దిగబడి, కొన్ని బిగువుగానూ కొన్ని వదులుగానూ తయారవుతాయి. నేను కిరాణా కాగితపు సంచులు కోసి వేశాను గాని, మొదటిసారి ఎడమ అంచున కాగితం వెడల్పు చాలలేదు. మఫ్లరు సగానికి వచ్చేసరికి ఆ అంచున నాలుగు పోగులు వదులై, బట్ట అక్కడ అలలు అలలుగా తేలింది. ఇప్పుడు నేత మొదలుపెట్టే ముందు అరచేతిని పడుగు మీద ఆనించి మెల్లగా ఒక అంచు నుంచి మరో అంచుకు జరుపుతాను. వదులుగా ఉన్న పోగు చేతికింద కుంగుతుంది, కంటికి కనిపించని తేడా చేతికి తెలుస్తుంది. అప్పుడు ఆ ముడి ఒక్కటి విప్పి మళ్ళీ కడితే చాలు.

జనవరి రెండో వారంలో అసలు పరీక్ష ఎదురైంది. అప్పటికి మూడు మఫ్లర్లు ఏ చిక్కూ లేకుండా నేసి, నాలుగోదానికి ఒంటిపేట (వేరే పోగుతో కలిపి పురిపెట్టని) మెరినో జాతి గొర్రెల ఉన్నితో పడుగు పోశాను. పలకను పైకెత్తినా పోగులు విడిపోకుండా పక్కపోగుల నూగు పట్టుకుని వేలాడసాగాయి. వేలితో విడదీస్తే చిటపటమన్నాయి. ఒకే సాయంత్రంలో మూడు పోగులు తెగాయి. తప్పు మగ్గానిదేనని, పలక చిల్లుల అంచులు గరుకుగా ఉండి పోగును కోస్తున్నాయని అనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే చిల్లులు నున్నగా ఉన్నాయి. మరునాడు గదిలో తేమ కొలిచే చిన్న పరికరం పెట్టి చూస్తే 18 శాతం చూపించింది. రేయింబవళ్ళు హీటరు నడిచే ఇంట్లో గాలి అంతగా ఎండిపోతుంది. పొడిగాలిలో ఉన్నికి స్థిర విద్యుత్తు చేరి నూగు లేచి నిలబడుతుంది, పక్కపోగులు ఒకదానినొకటి పట్టుకుంటాయి, పలక ఎత్తి దించిన ప్రతిసారీ ఆ నూగు ఒరుసుకుని పోగు సన్నబడుతుంది. మెలిక తక్కువగా ఉండే ఒంటిపేట దారం ఆ ఒరిపిడికి నిలవదు. మగ్గం పక్కన హ్యుమిడిఫయర్ (గాలికి తేమనిచ్చే పరికరం) పెట్టి తేమను 40 శాతానికి తెచ్చాక, అదే పడుగు మీద మిగిలిన నాలుగు అడుగులూ ఒక్క పోగు తెగకుండా నేశాను.

గుంట మగ్గాన్ని నేలలో ఎందుకు దింపుతారో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. నూలు పోగుకు తేమలో బలం పెరుగుతుంది. గుంటలోంచి వచ్చే నేల చెమ్మ పడుగును మెత్తగా ఉంచి తెగకుండా కాపాడుతుంది. మంగళగిరిలో నేతను ఆపేది వానాకాలం. గుంటలోకి నీరు ఊరుతుంది, వీధిలో పడుగు ఆరదు, మగ్గం నిలిచిపోతుంది. ఇక్కడ మంచు కురిసే నెలల్లో ఇంట్లోనే ఉండాల్సి రావడం వల్ల నేతకు సమయం దొరుకుతుంది గాని గదిలో చెమ్మ మాత్రం ఉండదు. చలిదేశంలో ఈ మగ్గం కొనేవారు తేమ కొలిచే పరికరం కూడా కొనాలని గట్టిగా చెబుతాను. పడుగుకు ఎంచుకున్న దారాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. పోచలు జారి ఊడివస్తే దాన్ని పేకకు ఉంచుకుని, పడుగుకు రెండు పేటలు పురిపెట్టిన దారాన్నే తీసుకోవాలి.

తెగిన పోగును సరిచేయడం ఈ మగ్గం మీద చాలా సులువు. కొత్త పోగును అదే చిల్లులోంచి ఎక్కించి, ఒక కొసను నేసిన బట్ట అంచుకు రెండు అంగుళాల దిగువన గుచ్చిన గుండుసూదికి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. రెండో కొసకు ఏదైనా చిన్న బరువు కట్టి మగ్గం వెనక వేలాడదీయాలి. నేను గుప్పెడు చిల్లర నాణేలు గుడ్డలో మూటగట్టి వేలాడదీశాను. రెండు అంగుళాలు నేసేసరికి కొత్త పోగు బట్టలో స్థిరపడుతుంది, పని పూర్తయ్యాక తెగిన చోట మిగిలిన దారపు కొసలను సూదితో లోపలికి కుట్టేస్తే తెగినచోటు వెతికినా దొరకదు.

నేత మొదలయ్యాక ఎక్కువ శ్రద్ధ కోరేవి అంచులు. పేకను అడ్డంగా తిన్నగా లాగితే అంచు పోగులు లోపలికి ఒరుగుతాయి. 10 అంగుళాలతో మొదలైన నా మొదటి మఫ్లరు చివర 8 అంగుళాలకు కుదించుకుపోయింది. పేకను ఏటవాలుగా, కాస్త వదులుగా పరచి, ఆ తరువాతే పలకతో దగ్గరకు చేర్చాలి. ఉన్నిని కొట్టకూడదు, నొక్కాలి. మగ్గం మీద ఉన్నప్పుడు పేకకూ పేకకూ మధ్య వెలుతురు కనిపించాలి, అంగుళానికి ఏడు పేకలకు మించకూడదు. ఇంత పలచన ఏమిటని అనుమానం కలిగినా, అది ఉతికితే తీరిపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు కలిపి, ఇరవై నిమిషాలు కదపకుండా నానబెట్టి, రెండు చేతులతో సున్నితంగా నొక్కి, తువ్వాలులో చుట్టి నీరు తీసి, బల్ల మీద పరిచి ఆరబెట్టాలి. నీళ్ళలో వేయకముందు వలలా, కొద్దిగా బిరుసుగా ఉన్న బట్ట ఆరాక మెత్తబడి, పోగులు ఉబ్బి ఒకదానికొకటి అల్లుకుని, ఖాళీలన్నీ నిండిపోయాయి. ఆ మార్పును మొదటిసారి చేతుల్లో తెలుసుకున్న సాయంత్రం కోసమైనా ఈ మగ్గం కొనవచ్చునని నాకనిపించింది. యంత్రంలో ఉతకడానికి వీలుగా రసాయనాలతో శుద్ధిచేసిన ఉన్నికి మాత్రం ఈ గుణం దాదాపు ఉండదు, దానితో నేసేవారు మొదటినుంచీ పేకను కొంచెం దగ్గరగా వేసుకోవాలి.

ఇక మగ్గంలోని లోపాలు. పోగులు విడిపోయే దారి ఒకటిన్నర అంగుళానికి మించి తెరుచుకోదు; దారం నిండుగా చుట్టిన నాడె దూరదు, అందుకని తక్కువ తక్కువగా చుట్టుకుంటూ మాటిమాటికీ ఆగాలి. స్టాండు లేకుండా గంటసేపు నేస్తే నడుమూ మెడా నొప్పి పెడతాయి, కానీ స్టాండును విడిగా అమ్ముతారు. ధరలో దాన్ని చేర్చి చూపకపోవడం కొనేవారికి సరైన అంచనా ఇవ్వదు. అన్నిటికన్నా పెద్ద లోపం పళ్ళ చక్రాన్ని ఆపి ఉంచే కొక్కేనిది. ఉన్ని పడుగుకు అది చాలింది. మార్చిలో తువ్వాళ్ళ కోసం 8/4 నూలు (నాలుగు పేటలు పురిపెట్టిన నూలు) పడుగు పోసి, సాగే గుణం తక్కువైన ఆ దారానికి కావలసినంత బిగువు ఇచ్చేసరికి, నేత మధ్యలో ఆ ప్లాస్టిక్ కొక్కెం పళ్ళ మీంచి జారి పడుగంతా ఒక్కసారిగా వదులైపోయింది. బిగువు తిరిగి సమం చేయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మగ్గం అమ్మిన దుకాణానికి రాస్తే తొమ్మిది రోజుల తరువాత వచ్చిన జవాబులో మరను బిగించి చూడమన్న సలహా తప్ప మరేమీ లేదు. చివరికి నేనే హార్డువేరు దుకాణంలో దొరికిన లోహపు ముక్కను అరగదీసి అమర్చుకున్నాను. ఆ తరువాత జారలేదు. ఈ ధరకు అమ్మే వస్తువులో ఆ ఒక్క భాగాన్ని లోహంతో చేయడం తయారీదారు బాధ్యత.

నూలు మాట వచ్చింది కాబట్టి తెలుగువారు తప్పక అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి: దీనిమీద చీర నేయవచ్చా? నేయలేము. మా అమ్మ డిసెంబరులో వస్తూ మంగళగిరి నుంచి 80 కౌంటు నూలు చిలప ఒకటి తెచ్చింది. అంగుళానికి 12.5 పోగులు పట్టే పలక విడిగా కొని చూశాను. అంత సన్నని నూలుకు దానికి అయిదారు రెట్ల దగ్గర నేత కావాలి. ఆ పలకలో వేస్తే పోగులు దోమతెరలా ఎడంగా నిలిచాయి. అమ్మ వాటిని వేలితో ఒక పక్కకు జరిపి, తాతయ్య పన్నెలో రెండు పోగుల మధ్య వెలుతురు దూరేది కాదని చెప్పింది. ఆ చిలపను పేకగా నాలుగు పేటలు కలిపి చుట్టి, ఉన్ని శాలువా కొంగున నాలుగు వేళ్ళ వెడల్పు తెల్లని పట్టీగా నేశాను. పేకగా అది చక్కగా ఒదిగింది. ఉతికినప్పుడు ఉన్ని కుదించుకుని నూలు కుదించుకోకపోవడంతో ఆ పట్టీ కొద్దిగా ముడతలు పడింది, అయినా అమ్మ ఆ శాలువానే కప్పుకుని వెళ్ళింది.

మిన్నెసోటాలో చలికాలపు నేతకు పాత మూలాలే ఉన్నాయి. ఇక్కడ స్థిరపడిన స్వీడన్, నార్వే కుటుంబాల పూర్వికుల పల్లెల్లో పొలం పనులు లేని నెలల్లో పెద్ద మగ్గాన్ని ఇంట్లో బిగించుకుని, వసంతం రాగానే విప్పి పక్కన పెట్టేవారు; చీలికలూ చిల్లులూ ఉన్న చిన్న చెక్క పలకతో నడుముకు కట్టే పట్టీలు నేసే పద్ధతి కూడా అక్కడ ఎప్పటినుంచో ఉంది. 1940లో ఏర్పడిన వీవర్స్ గిల్డ్ ఆఫ్ మిన్నెసోటా అనే నేతవారి సంఘం ఇక్కడి టెక్స్‌టైల్ సెంటర్ భవనంలోనే పనిచేస్తుంది. కాళ్ళతో తొక్కే పెద్ద మగ్గాలను చూడాలన్నా నేర్చుకోవాలన్నా అక్కడికి వెళ్ళడం మేలు. పెద్ద మగ్గం ముందు కూర్చుంటే రిజిడ్ హెడిల్ మగ్గం పరిమితి వెంటనే తెలుస్తుంది: ఒక్క పలకతో సాదా నేతే సహజంగా వస్తుంది, ఏటవాలు గీతల నేతకు పోగులను విడిగా ఎత్తే బద్దలు అమర్చుకుని, ప్రతి వరుసకూ చేత్తో ఎంచుకోవాలి. గడులూ చారలూ మాత్రం ఎన్నయినా నేయవచ్చు, ఏ దారం తరువాత ఏ దారం వేయాలన్న ఆలోచనలోనే నాకు చాలా సాయంత్రాలు గడిచాయి.

మగ్గం, స్టాండు, అదనపు పలక కలిపి నాకు సుమారు 500 డాలర్లు అయ్యాయి. ఉన్ని ఖర్చు వేరు. 16 అంగుళాల మగ్గం చవక, కానీ దానిమీద మఫ్లరు దాటి ముందుకు వెళ్ళాలంటే మళ్ళీ కొనాల్సి వస్తుంది. 32 అంగుళాల దానిమీద నాడెను ఒక చేతి నుంచి మరో చేతికి అందించడానికి భుజాలు చాచాలి, గంటల తరబడి నేస్తే నొప్పి వస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి 24 అంగుళాలే సరైన కొలత. ఉన్ని నేయదలచుకున్నవారికి దీన్ని సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. నూలు తువ్వాళ్ళ కోసమే కొనాలనుకునేవారు లోహపు కొక్కెం ఉన్న నమూనానే ఎంచుకోవాలి. దుకాణంలో పడుగు ఎక్కించిన మగ్గం ఉంటే, అడిగి, వెనక దూలాన్ని రెండు పళ్ళు ఎక్కువ బిగించి, పడుగును అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. కొక్కెం జారేదైతే అక్కడే జారుతుంది.